డైపర్ తడిసిందంటే మూత్రసంచి ఖాళీ అయినట్టు కాదు

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. మా పాపకు ఐదేళ్ళు. పుట్టినప్పుడే నడుం మీద గడ్డ ఉంది, స్పైనా బైఫిడా అన్నారు. మూడో రోజే ఆపరేషన్ చేశారు. తర్వాత తలలో నీరు చేరితే, ఆ నీటిని కిందికి దించే గొట్టం, షంట్ అంటారట, వేశారు. వాకర్ పట్టుకుని నడుస్తుంది, చక్కగా మాట్లాడుతుంది. మూత్రం మాత్రం రోజంతా చుక్కలు చుక్కలుగా పోతూనే ఉంటుంది. ఎప్పుడూ డైపరే. పొట్ట నొక్కితే ఇంకాస్త వస్తుందని మా అత్తమ్మ పూటపూటా నొక్కుతుంది. ఈ ఏడాది రెండుసార్లు చలిజ్వరం వచ్చింది. స్కానింగ్‌లో కుడి కిడ్నీ వాచిందని చెప్పి, డాక్టరు గారు మూడు గంటలకోసారి పైపు పెట్టి మూత్రం తీయమన్నారు. మూత్రం పోతూనే ఉంది కదా, మళ్ళీ పైపు ఎందుకు? ఇన్‌ఫెక్షన్ వస్తుందని, అలవాటైపోతుందని, ఆడపిల్లకు అలా పెడితే రేపు పెళ్ళికి ఇబ్బంది అని ఇంట్లో ఒప్పుకోవడం లేదు. మందులతోనో ఆపరేషన్‌తోనో నయం కాదా? జూన్‌లో బడిలో వేయాలి. రెండో కాన్పు అంటే కూడా భయంగా ఉంది.
– ఒక తల్లి

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో ‘మూత్రం పోతూనే ఉంది కదా’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. పిల్లల సర్జన్‌గా పనిచేసిన ఇన్నేళ్ళలో ఈ మాట ఎంతమంది తల్లుల నోట విన్నానో లెక్కలేదు. అందులో మీ తప్పేమీ లేదు. కంటికి కనిపించేది తడి. లోపల మిగిలిపోయేది కనిపించదు. అందుకే ముందు దాని సంగతి చెబుతాను, మిగతావన్నీ తర్వాత.

మీ వైపు ఊరూరా చెరువులే. చెరువుకు తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. తూము ఎత్తితే నీళ్ళు పొలానికి పోతాయి, చెరువు తగ్గుతుంది. చెరువు నిండి ఇక పట్టనప్పుడు పొర్లిపోయేది అలుగు. అలుగు పారుతుంటే చెరువు ఖాళీ అవుతోందని మీ ఊళ్ళో ఎవరూ అనరు. నిండిపోయిందంటారు, కట్ట ఎట్లా ఉందో చూసి రమ్మంటారు. మీరు రాసిన గుర్తులను బట్టి చూస్తే, మీ పాప డైపర్‌లో పడుతున్నది అలుగు నీళ్ళే. తూము తెరుచుకోవడం లేదు. కుడి కిడ్నీ వాపు కట్ట మీద పడిన బరువు.

తూము ఎందుకు తెరుచుకోదంటే నరాల వల్ల. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే, చాలామందికి నెల తప్పిన సంగతి తెలిసే లోపే, బిడ్డ వెన్నుపాము గొట్టంలా మూసుకుపోవాలి. మీ పాపకు నడుం దగ్గర మూసుకోలేదు, స్పైనా బైఫిడా అంటే అదే. మూత్రసంచికి వెళ్ళే నరాలు వెన్నుపాము చిట్టచివరి భాగం నుంచి బయలుదేరతాయి. మూడో రోజు చేసిన ఆపరేషన్ ఆ తెరిచి ఉన్న చోటును మూసి, ఇన్‌ఫెక్షన్ నుంచి పాపను కాపాడింది. అది అవసరమైన పనే. కానీ అప్పటికే దెబ్బతిన్న నరాలను అది బాగుచేయలేదు. ఇలా గడ్డతో పుట్టిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మూత్రసంచి ఇబ్బంది ఉంటుంది. నడవగలిగే పిల్లలకు కూడా ఉంటుంది. ‘నడుస్తోంది కదా, మూత్రం కూడా నెమ్మదిగా అదే సర్దుకుంటుంది’ అని చాలామంది ఏళ్ళకేళ్ళు ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపులోనే కిడ్నీలు పోతాయి.

మామూలుగా సంచి బిగుసుకుని మూత్రాన్ని నెట్టేటప్పుడు, కింద మూతలా ఉండే కండరం వదులవుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదిర్చేవి నరాలే. పొత్తు చెడితే పైన సంచి నెడుతుంది, కింద మూత బిగుసుకుంటుంది. నెట్టీ నెట్టీ సంచి గోడ మందమవుతుంది, సాగడం మానేస్తుంది. కొంచెం మూత్రం చేరగానే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కిడ్నీల నుంచి సన్నటి గొట్టాల్లో జారి వచ్చే మూత్రం ఆ ఒత్తిడిని దాటి సంచిలోకి రాలేక పైనే నిలిచిపోతుంది, కొందరిలో వెనక్కి ఎదురెక్కుతుంది కూడా. సంచిలో ఒత్తిడిని నీటి మట్టం ఎత్తుతో కొలుస్తాం. మూత్రం కారడం మొదలయ్యే వేళకు ఆ ఎత్తు 40 సెంటీమీటర్లు దాటితే కిడ్నీలు దెబ్బతినే ముప్పు బాగా ఎక్కువని 1981లో మెగ్వైర్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు మీ పాపలాంటి పిల్లలనే పరిశీలించి చెప్పారు. పాపకు నొప్పి తెలియదు. కిడ్నీ కూడా అరిచి చెప్పదు. అందుకే మేం తడి గురించి కన్నా ఒత్తిడి గురించి టెన్షన్ పడతాం.

ఇక అత్తమ్మ గారి విషయం. ఆమె ప్రేమతోనే చేస్తున్నారు. ఒకప్పుడు ఆస్పత్రుల్లో మేమే అలా నొక్కడం నేర్పేవాళ్ళం. కానీ మూత బిగుసుకున్న సంచిని పైనుంచి నొక్కితే కొంచెం బయటికి వస్తుంది, కొంచెం కిడ్నీల వైపు ఎక్కుతుంది. దయచేసి ఈ రోజు నుంచే ఆపించండి. చెరువు నిండినప్పుడు కట్టను తొక్కితే ఏమవుతుందో ఆమెకు మనకన్నా బాగా తెలుసు, అలాగే చెప్పండి.

నా మాట మీద కాకుండా మీ కళ్ళతో మీరే చూడటానికి ఒక దారి ఉంది. పైపు పెట్టడం నేర్చుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అత్తమ్మ గారిని కూడా తీసుకెళ్ళండి. డైపర్ బాగా తడిసిన వెంటనే నర్సును పైపు పెట్టమని, వచ్చిన మూత్రాన్ని కొలత గ్లాసులో పట్టమని అడగండి. పిల్లల వయసుకు ఒకటి కలిపి ముప్పైతో హెచ్చవేస్తే సంచి ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో సుమారుగా తెలుస్తుంది. ఐదేళ్ళ పాపకు 180. డైపర్ తడిసిన తర్వాత కూడా గ్లాసులోకి నూరు, నూట యాభై వచ్చిందనుకోండి, ఇక ఎవరూ ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు. ఇలా ఓ నాయనమ్మ గ్లాసు చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, ‘ఇదంతా పిల్ల కడుపులోనే ఉందా’ అని గోడకు ఆనుకుని కూర్చుండిపోవడం నేను చూశాను. మర్నాటి నుంచి గడియారం చూసి కోడలికి గుర్తుచేసింది ఆమే.

ఇన్‌ఫెక్షన్ భయం సహజమైనదే. బయటి పైపు లోపలికి పోతే క్రిములు పోవా అని ఎవరికైనా అనిపిస్తుంది. 1972 దాకా డాక్టర్లూ అలాగే అనుకున్నారు. పైపు పెట్టాలంటే ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నంత శుద్ధి కావాలనేవారు. ఆ సంవత్సరం మిషిగన్ యూనివర్సిటీలో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు, సబ్బుతో కడుక్కున్న చేతులు, శుభ్రమైన పైపు చాలు, వేళకు ఖాళీ చేయడమే ముఖ్యం అని చెప్పి చేసి చూపించాడు. ఆయన వాదన ఇది: సంచి నిండి సాగిపోయినప్పుడు దాని గోడకు రక్తం సరిగా అందదు, అప్పుడే క్రిములు అక్కడ పాతుకుంటాయి. వేళకు ఖాళీ అయ్యే సంచి తనను తాను కాపాడుకుంటుంది. అప్పట్లో చాలామంది నమ్మలేదు. ఇవాళ ప్రపంచమంతా ఈ పిల్లలకు ఇదే మొదటి వైద్యం. మీ పాపకు వచ్చిన రెండు జ్వరాలూ పైపు పెట్టక ముందు వచ్చినవే కదా. నిలవ నీళ్ళలోనే పురుగు చేరేది.

ఒక మాట ముందే చెబుతాను. పైపు వాడే పిల్లల మూత్రం పరీక్షకు పంపితే చాలాసార్లు క్రిములు కనిపిస్తాయి. జ్వరం, నడుం నొప్పి, వాంతులు, కొత్తగా ఎక్కువగా కారడం లాంటివి ఏవీ లేకుండా రిపోర్టులో మాత్రమే ఉంటే సాధారణంగా యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఊరికే వాడితే రేపు నిజంగా జ్వరం వచ్చినప్పుడు మందు పనిచేయదు. జ్వరం వచ్చినప్పుడు మాత్రం మందు మొదలుపెట్టే లోపే యూరిన్ కల్చర్‌కు, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకు, ఇవ్వండి. ఆ మూత్రం డైపర్‌లోంచి పిండినదో, ఒంటికి ప్లాస్టిక్ సంచి అతికించి పట్టినదో కాకుండా కొత్త పైపుతో తీసినదై ఉండాలి. పాపకు షంట్ ఉంది కాబట్టి జ్వరంతో పాటు తలనొప్పి, ఆగని వాంతులు, మత్తుగా పడుకోవడం ఉంటే అది మూత్రం జ్వరమేనని ఇంట్లో తేల్చుకోకండి, షంట్ వల్ల కూడా కావచ్చు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళండి.

ఆడపిల్ల అన్న భయం గురించి సూటిగా చెప్పాలి. మూత్రం వచ్చే దారి వేరు, నెలసరి వచ్చే దారి వేరు, పిల్లలు పుట్టేది ఆ రెండో దారిన. పైపు వెళ్ళేది మొదటి దాంట్లోకి. పెళ్ళికీ కాపురానికీ దీనితో ఏ ఇబ్బందీ రాదు. కిడ్నీ చెడిపోతే మాత్రం అన్నిటికీ ఇబ్బందే.

పెట్టే పద్ధతి మీకు నర్సు నేర్పుతారు, అయినా ఒకసారి మనసులో చూసుకోండి. చేతులు సబ్బుతో మోచేతి దాకా కడుక్కుంటారు. పాపను వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు మడిచి పక్కకు వంచుతారు. ఎడమచేతి వేళ్ళతో మెల్లగా విడదీసి, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు మాత్రం కాదు, మంచినీళ్ళతో తుడుస్తారు. పైపు చివర కాస్త జెల్లీ. ఈ వయసుకు సాధారణంగా 8 నంబరు పైపు, మీ డాక్టరు ఏది చెబితే అది. ఆడపిల్లల్లో ఆ దారి చాలా పొట్టి, రెండు మూడు సెంటీమీటర్లే, కాబట్టి మూత్రం రావడం వెంటనే మొదలవుతుంది. మొదలయ్యాక ఇంకో సెంటీమీటరు లోపలికి జరిపి పట్టుకోండి. ధార ఆగాక కొద్దికొద్దిగా వెనక్కి లాగుతుంటే అడుగున ఉన్నది మళ్ళీ కొంచెం వస్తుంది. దాని కోసం ఆగండి, ఆ మిగిలిన కొంచెమే జ్వరాలకు మూలం. మొదట్లో పొరపాటున కింది దారిలోకి పోతుంది, మూత్రం రాదు. కంగారు పడకండి. దాన్ని తీయకుండా అక్కడే గుర్తుగా ఉంచి, ఇంకో శుభ్రమైన పైపును దానికి కాస్త పైన పెట్టండి. రెండు వారాల్లో కళ్ళు మూసుకుని చేస్తారు.

పాపకు అక్కడ స్పర్శ తక్కువగా ఉండొచ్చు, ఏడవదు. ఏడవడం లేదని తొందరపడకండి. తగులుతోందనిపిస్తే బలం పెట్టకుండా ఆగి, పాపను దగ్గమనండి.

పైపు రబ్బరుది వద్దు. స్పైనా బైఫిడా పిల్లలకు రబ్బరు అలర్జీ వచ్చే అవకాశం మిగతా పిల్లలకన్నా చాలా ఎక్కువ, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. మామూలు ప్లాస్టిక్‌ది గాని సిలికాన్‌ది గాని తీసుకోండి. పుట్టినరోజు బెలూన్లు, రబ్బరు గ్లవ్స్ కూడా దూరం. ఏ ఆస్పత్రిలో అడుగుపెట్టినా ఈ మాట మొదటే చెప్పండి. ఒకసారి వాడి పారేసే పైపులు కొనగలిగితే సరే. నెలకు నూట యాభై కొనడం మీకు భారమైతే, కడిగి మళ్ళీ వాడే పద్ధతి మన దగ్గర ఎన్నో ఇళ్ళలో నడుస్తోంది. సబ్బునీళ్ళతో లోపలా బయటా కడిగి, ధారగా మంచినీళ్ళు పోసి, దులిపి, పూర్తిగా ఆరనిచ్చి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. ఎన్నాళ్ళకు మార్చాలో మీ డాక్టరును అడగండి. గరుకెక్కినా, వంకర పోయినా, రంగు మారినా ఆ రోజే పారేయండి.

అలవాటైపోతుందంటున్నారు. అవును, అలవాటు కావాలి. అన్నం తినడం అలవాటైనట్టే. సంచి తనంతట తాను ఖాళీ చేసుకోగలిగి ఉంటే పైపు అక్కర్లేదు. చేసుకోలేని సంచికి ఇదే తూము. నా దగ్గరికి వచ్చే ఓ పాప ఏడో ఏట చిన్న అద్దం ముందు పెట్టుకుని తనే చేసుకోవడం నేర్చుకుంది. నేర్చుకున్న రోజు డైపర్ వద్దని ఇంట్లో గొడవ చేసిందట. గులాబీ రంగు పెన్సిల్ పౌచ్‌లో పైపు, తడి రుమాలు, చిన్న సబ్బు. నాకు చూపించడానికి జిప్పు తీసిన ఆ చేతుల ధీమా నాకింకా గుర్తుంది.

మందుల విషయానికి వస్తే, ఉన్నాయి. ఆక్సీబ్యుటినిన్ అనేది ఎక్కువగా వాడతారు. అది బిగుసుకునే సంచిని వదులుచేస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, మధ్యలో కారడం తగ్గుతుంది. కానీ అది ఖాళీ చేయదు. పైపు లేకుండా ఆ మందు ఒక్కటే వాడితే మూత్రం మరింత నిలిచిపోతుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం దీనితో వస్తాయి. చెమట పట్టడం కూడా తగ్గుతుంది కాబట్టి మన వేసవిలో మధ్యాహ్నం పూట పాపను ఎండలో తిప్పకండి. ఒళ్ళు ఎర్రబడి వేడెక్కితే నీడలోకి తెచ్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ డాక్టరుకు ఫోన్ చేయండి. మీ అంతట మీరు మోతాదు మార్చవద్దు. ఇది పడకపోతే వేరే మందులున్నాయి. అప్పటికీ ఒత్తిడి తగ్గకపోతే మత్తు ఇచ్చి సంచి గోడలోకి బోటాక్స్ ఇంజెక్షన్లు ఇస్తారు. కొన్ని నెలలు పనిచేస్తుంది, మళ్ళీ ఇవ్వాలి.

ఆపరేషన్ చివరి మెట్టు. పేగులో ఒక ముక్క తీసుకుని సంచికి అతికించి పెద్దది చేస్తారు. దాంతో ఒత్తిడి బాగా తగ్గుతుంది. కానీ పేగు ముక్క జిగురు వదులుతూనే ఉంటుంది, సంచిని కడుగుతుండాలి, రాళ్ళు పడొచ్చు, జీవితాంతం పరీక్షలుంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ తర్వాత కూడా పైపుతోనే తీయాలి. ఆపరేషన్ చేయించి పైపు తప్పించుకుందామని అనుకునేవారికి ఈ మాట ముందే తెలియాలి. కూర్చున్న చోటు నుంచి కింద పైపు పెట్టుకోలేని పిల్లలకు అపెండిక్స్‌తో బొడ్డు దగ్గర చిన్న దారి చేస్తారు, ఫ్రెంచ్ సర్జన్ మిత్రోఫనాఫ్ 1980లో చెప్పిన పద్ధతి. పెద్దయ్యాక మీ పాపకు అది పనికిరావచ్చు. ఇప్పుడు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

మీరు రాయలేదు కానీ అడగాల్సిన పరీక్ష ఒకటుంది. యూరోడైనమిక్స్ అంటారు. సన్నటి గొట్టాలతో సంచిని నెమ్మదిగా నింపుతూ లోపలి ఒత్తిడిని కొలుస్తారు. మందు కావాలా, ఎంత తొందర ఉంది అన్నది అది చెబుతుంది. మూత్రం కిడ్నీల వైపు ఎదురెక్కుతోందేమో చూసే ఎక్స్‌రే పరీక్ష, జ్వరాల వల్ల కిడ్నీ మీద మచ్చలు పడ్డాయేమో చూసే డీఎంఎస్ఏ స్కాన్ కూడా మీ పాపకు అవసరమయ్యేలా ఉన్నాయి. కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ నార్మల్ అని వస్తే నిశ్చింతగా ఉండకండి. కాళ్ళ కండరాలు పల్చగా ఉన్న పిల్లల్లో అది తక్కువగానే కనిపిస్తుంది, కిడ్నీ కొంత దెబ్బతిన్నా బయటపడదు. సిస్టాటిన్ సీ అనే పరీక్ష నయం.

మలబద్ధకాన్ని వేరే సమస్య అనుకోకండి. నిండిన పేగు పక్కనే ఉన్న సంచిని నొక్కుతుంది. రోజూ రాత్రి భోజనం అయిన అరగంటకు పాపను పాదాలు ఆనేలా టాయిలెట్ మీద కూర్చోబెట్టండి. అవసరమైతే మందు అడగండి. తడవకుండా ఉంటుందని నీళ్ళు తగ్గించవద్దు.

పాప ఎత్తు పెరిగే ఏళ్ళు ఇవి. ఆపరేషన్ జరిగిన చోట వెన్నుపాము అతుక్కుని ఉంటే, ఎదుగుదలతో అది లాగబడుతుంది. నడక మారినా, కాలు కొత్తగా వంకర తిరిగినా, నడుం నొప్పి అన్నా, పైపుతో పొడిగా ఉంటున్న పాప మళ్ళీ కారడం మొదలైనా న్యూరోసర్జన్‌కు చూపించండి.

బడిలో తప్పకుండా వేయండి. ఇంట్లో పొద్దున లేవగానే, బడికి బయలుదేరే ముందు, తర్వాత మధ్యాహ్నం బెల్లుకు ఒకసారి, సాయంత్రం ఇంటికి రాగానే, పడుకునే ముందు. బడిలో జరగాల్సింది ఒక్కసారే. మొదటి ఏడాది మీరో అత్తమ్మ గారో వెళ్ళి చేయొచ్చు, లేదా ఆయమ్మకు నేర్పొచ్చు. తలుపుకు గడియ ఉన్న బాత్రూమ్, చేతులు కడుక్కునే కుళాయి కావాలని హెడ్మాస్టరును చేరే రోజే అడగండి. అది మీరు బతిమాలుకునే విషయం కాదు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం పిల్ల అవసరానికి తగ్గ ఏర్పాట్లు బడి చేయాలి. వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్ తీసుకోకపోతే తీసుకోండి. అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో ఇదీ ఉంది, వాళ్ళను అడిగితే పెద్దాస్పత్రికి రాసిస్తారు.

రెండో కాన్పు గురించి. ఇది గ్రహణం వల్ల రాలేదు, మీరు చేసిన పని వల్లా రాలేదు. మళ్ళీ వచ్చే అవకాశం నూటికి రెండు మూడు. దాన్నీ బాగా తగ్గించవచ్చు. ఇలాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వాడితే, మళ్ళీ రావడం దాదాపు 72 శాతం తగ్గిందని 1991లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. మన మందుల షాపుల్లో దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర. నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. కాబట్టి బిడ్డ కావాలనుకునే మూడు నెలల ముందే డాక్టరును కలిసి రాయించుకోండి, మూడో నెల నిండేదాకా ఆపకండి.

ఈ వారం చేయాల్సింది చెబుతాను. నొక్కడం ఆపండి. పైపు నేర్చుకునేందుకు వెళ్ళండి, మీరొక్కరే కాకుండా ఇంట్లో ఇంకొకరు కూడా నేర్చుకోవాలి, మీకు జ్వరమొచ్చిన రోజు పాప సంచి ఆగదు. ఒక నోటుబుక్కులో వరుసగా మూడు రోజులు రాయండి: ఏ టైముకు పైపు పెట్టారు, గ్లాసులోకి ఎంత వచ్చింది, ఆలోగా డైపర్ తడిసిందా లేదా, మోషన్ అయిందా. యూరోడైనమిక్స్‌కు వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉండాలి. పరీక్ష చేసే డాక్టరు మొదట అడిగేది దాన్నే. కుడి కిడ్నీ సంగతి మూడు నెలలకు స్కానింగ్‌లో మళ్ళీ చూపించుకుని, వాపు తగ్గిందో లేదో నాకు రాయండి.